చెల్లెలి తలలో గడ్డ ఎంఎస్ వల్ల వచ్చిందా, ట్యూమరా?

ఉత్తరం విజయవాడ నుంచి వచ్చింది. రాసినావిడ పేరు వేయవద్దన్నారు. ఆమె చెల్లెలికి 34 ఏళ్లు. భర్త, ఐదేళ్ల పాపతో హైదరాబాద్‌లో ఉంటోంది. 26వ ఏట కుడి కన్ను మసకబారితే పరీక్షలు చేసి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్: శరీర రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల మీది మైలిన్ అనే పొరను దెబ్బతీసే జబ్బు) అన్నారు. మొదట మాత్రలు వాడింది. నాలుగేళ్లుగా ఆరు నెలలకోసారి రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ తీసుకుంటోంది. ఉద్యోగం, ఇల్లు, పాప అన్నీ చక్కబెట్టుకుంటూ వచ్చింది. రెండు నెలలుగా మాత్రం మనిషి మారిపోయింది. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా పక్కనే నిలబడి చూస్తూ ఉండిపోయేదట. పాప స్కూల్ బస్సు వచ్చే టైముకి కిందికి దిగాలన్న ధ్యాసే ఉండేది కాదట. ఇంట్లోవాళ్లు ఎంఎస్ వల్ల వచ్చే నీరసం అనుకున్నారు, తర్వాత డిప్రెషన్ అనుకున్నారు. పోయిన నెల ఒక తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. ఎంఆర్ఐ తీస్తే మెదడు ముందు భాగంలో, కుడివైపు, మూడు సెంటీమీటర్ల పైచిలుకు గడ్డ కనిపించింది. రిపోర్టు చివరి లైన్లలో 'ట్యూమిఫ్యాక్టివ్ డిమైలినేషన్ లేదా హై గ్రేడ్ గ్లయోమా, క్లినికల్ కోరిలేషన్ అవసరం' అని, అంటే లక్షణాలతో పోల్చి చూసి తేల్చాలని ఉంది.

న్యూరాలజిస్టు ఐదు రోజులు స్టెరాయిడ్ ఇచ్చి చూద్దామంటున్నారు. న్యూరోసర్జన్ ముందు బయాప్సీ చేయాలంటున్నారు. గతంలో రెండుసార్లు స్టెరాయిడ్‌తోనే తగ్గింది కాబట్టి భర్త మొదటి మాటకే మొగ్గుతున్నాడు. బంధువు ఒకాయన గడ్డ మొత్తం తీయించేయండి అంటున్నారు. ఆ ఇంజెక్షన్లే కొంప ముంచాయని అమ్మ ఏడుస్తోంది. చెల్లెలికి మాత్రం 'ఎంఎస్ కాస్త పెరిగింది' అని చెప్పి, ఫైలు కారులో దాచారు. "మొన్న ఫోన్‌లో 'అక్కా, నువ్వైనా నిజం చెప్పు' అంది. మాట మార్చేశాను. ఎవరి మాట వినాలో, దానికి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు" అని రాశారు.

* * *

అమ్మా,

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. ఆ గడ్డ ఏమిటన్నది ఒకటి, చెల్లెలికి చెప్పాలా వద్దా అన్నది రెండోది. వేర్వేరుగా కనిపిస్తున్నా మొదటిది తేలాలంటే రెండోదాన్ని పక్కన పెట్టడం కుదరదు. స్కాన్ నేను చూడలేదు. కాబట్టి గడ్డ ఫలానాది అని చెప్పను. మీ ముందున్న దారులు ఏమిటి, ఒక్కో దారిలో వెళ్తే ఏం జరగవచ్చు అన్నది మాత్రం వివరంగా చెబుతాను.

ముందుగా ఒక విషయం. ఆ ఇద్దరు డాక్టర్లలో ఎవరూ తెలియక మాట్లాడటం లేదు. ఎంఎస్‌లో మచ్చలు మామూలుగా చిన్నవిగా ఉంటాయి. అరుదుగా కొందరిలో రెండు సెంటీమీటర్లు దాటి, చుట్టూ వాపుతో, అచ్చం ట్యూమర్‌లా పెరుగుతాయి. రిపోర్టులో రాసిన ట్యూమిఫ్యాక్టివ్ డిమైలినేషన్ అదే. హై గ్రేడ్ గ్లయోమా అంటే మెదడు కణజాలంలోనే పుట్టి వేగంగా పెరిగే క్యాన్సర్ గడ్డ. మరోవైపు, ఎంఎస్ ఉన్నంత మాత్రాన మెదడులో ట్యూమర్ రాకుండా పోదు. ఒకే మనిషికి రెండూ రావడం అరుదే గానీ, వైద్య పత్రికల్లో అలాంటి కేసులు దశాబ్దాలుగా నమోదవుతూనే ఉన్నాయి. స్వీడన్, నార్వేల్లో దేశం మొత్తం పేషెంట్ల రికార్డులు తిరగేసినప్పుడు, ఎంఎస్ ఉన్నవాళ్లలో మెదడు ట్యూమర్లు మిగతా జనం కంటే కాస్త ఎక్కువగా కనిపించాయి. అంతమాత్రాన ఎంఎస్ ట్యూమర్‌గా మారుతుందని కాదు. ఏటా ఎంఆర్ఐ తీయించుకునేవాళ్ల తలలో ఏమున్నా ముందే దొరుకుతుంది. మెదడు పొరల్లో వచ్చే మెనింజియోమా లాంటి మామూలు గడ్డలైతే ఏ జబ్బూ లేని పెద్దవాళ్లలోనూ దాదాపు వందలో ఒకరికి స్కాన్‌లో బయటపడతాయి, చాలామందికి వాటితో ఏ ఇబ్బందీ ఉండదు. మీ చెల్లెలి గడ్డ ఆ రకం కాదు. మెదడు కణజాలం లోపలే ఉంది కాబట్టే ఈ చర్చంతా.

మీరు రాసిన వాటిలో నన్ను ఎక్కువగా ఆపింది ఆ రెండు నెలల వివరం. ఎంఎస్ ఎటాక్ సాధారణంగా గంటల్లోనో రోజుల్లోనో ముదురుతుంది, కొన్ని వారాల్లో ఎంతో కొంత తగ్గుముఖం పడుతుంది. మీ చెల్లి విషయంలో రెండు నెలల పాటు తగ్గడమన్నది లేకుండా నెమ్మదిగా పెరుగుతూ వచ్చింది. పాలు పొంగుతున్నా చేయి కదలకపోవడం, చొరవ చచ్చిపోవడం మెదడు ముందు భాగం దెబ్బతిన్నప్పుడు కనిపించే లక్షణాలు. దాన్ని బద్ధకం అని ఎవరైనా అని ఉంటే ఆ మాట వెనక్కి తీసుకోమనండి. ఫిట్స్ ఎంఎస్‌లోనూ వస్తాయి గానీ వందలో ఇద్దరు ముగ్గురికే. రిటుక్సిమాబ్ మీద నాలుగేళ్లు స్థిరంగా ఉన్న మనిషిలో కొత్తగా ఇంత పెద్ద మచ్చ రావడమూ మామూలు సంగతి కాదు. ఇవన్నీ 'ఇది ఎంఎస్సే' అని తేల్చేయడానికి అడ్డొస్తున్నాయి. ఎంఎస్ ఉన్నవాళ్లకు తరచుగా జరిగే అన్యాయం ఇదే. తలనొప్పి వచ్చినా, మతిమరుపు వచ్చినా, నడక తేడా వచ్చినా అన్నీ ఆ పాత జబ్బు ఖాతాలోనే పడిపోతాయి. ఇంట్లోవాళ్లే కాదు, ఒక్కోసారి డాక్టర్లూ అలాగే రాసేస్తారు.

అయితే ఎంఎస్ వైపు మొగ్గే ఆధారమూ రిపోర్టులో ఉండొచ్చు. రంగు మందు ఎక్కించాక గడ్డ అంచు వెలుగుతుంది. ఆ వెలుగు పూర్తి వలయంలా ఉందా, ఒకవైపు తెగి ఉందా అని చూడమనండి. తెగి ఉండి, ఆ తెరిచిన వైపు మెదడు పైపొర దిక్కుగా ఉంటే ఎంఎస్ గడ్డ అయ్యే అవకాశం పెరుగుతుంది. గడ్డ సైజుకి తగ్గ వాపు, ఒత్తిడి లేకపోవడం ఇంకో గుర్తు. పర్ఫ్యూజన్ అనే ఎంఆర్ఐ పద్ధతిలో గడ్డలోకి రక్తం ఎంత పారుతోందో చూస్తారు. ముదురు గ్లయోమాలు కొత్త రక్తనాళాలు అల్లుకుంటాయి కాబట్టి అక్కడ రక్తం ఎక్కువగా పారుతుంది, ఎంఎస్ గడ్డలో తక్కువగా ఉంటుంది. ఇది తీయకపోయి ఉంటే తీయించమని అడగండి. రంగు మందు లేకుండా తీసిన మామూలు సీటీ స్కాన్ కూడా ఇక్కడ పనికొస్తుంది. ఎంఆర్ఐలో వెలిగిన చోటే సీటీలో నల్లగా కనిపిస్తే అది ఎంఎస్ వైపు బలమైన సూచన. ఫిట్స్ వచ్చిన రోజు ఎమర్జెన్సీలో సీటీ తీసే ఉంటారు. ఆ ఫిల్మ్ ఎక్కడుందో వెతకండి. గడ్డలోని రసాయనాలు చూసే స్పెక్ట్రోస్కోపీ అని ఇంకోటి ఉంది. దాని ఫలితం ఈ రెండింటిలోనూ ఒకేలా రావచ్చు కాబట్టి ఒక్కదాన్నే నమ్ముకుని నిర్ణయం తీసుకోవద్దు.

వెన్ను నీటి పరీక్ష గురించి ఎవరైనా చెబితే ఆగి ఆలోచించండి. ఎంఎస్‌లో కనిపించే ప్రొటీన్ గీతలు మీ చెల్లెలికి ఎలాగూ ఉండే ఉంటాయి. అవి ఉన్నాయని తెలిస్తే ఎనిమిదేళ్ల నాటి జబ్బు మళ్లీ రుజువవుతుంది గానీ ఈ గడ్డ సంగతి తేలదు. పైగా తలలో ఒత్తిడి ఉన్నప్పుడు నడుము దగ్గర నీరు తీయడం ప్రమాదం. ఇన్ఫెక్షన్ కోసమో, క్యాన్సర్ కణాల కోసమో కావాలంటే మాత్రం, ఒత్తిడి లేదని సర్జన్ చెప్పాకే చేయాలి.

మన దగ్గర మరో రెండింటిని కూడా మరవకూడదు. మెదడులో టీబీ గడ్డ, బద్దెపురుగు వల్ల వచ్చే తిత్తి మన దేశంలో ఫిట్స్‌కు, ఇలాంటి వలయాకారపు మచ్చలకు బాగా తెలిసిన కారణాలు. రిటుక్సిమాబ్ రోగనిరోధక శక్తిని కొంత తగ్గిస్తుంది కాబట్టి ఇన్ఫెక్షన్ సంగతి చూశారా అని అడగడం అవసరం. ఛాతీ స్కాన్, కొన్ని రక్త పరీక్షలతో కొంత ఆధారం దొరకవచ్చు.

ఇక స్టెరాయిడ్ సంగతి. మీ మరిది వాదన నాకు అర్థమైంది. రెండుసార్లు కళ్లెదుటే తగ్గిన మందు మీద నమ్మకం కుదరడం సహజం. చిక్కేమిటంటే, ఈ మందుకి కరిగేది ఎంఎస్ గడ్డ ఒక్కటే కాదు. మెదడు లింఫోమా అనే క్యాన్సర్ కూడా స్టెరాయిడ్‌కి కొన్ని రోజుల్లో మాయమైనట్టు కనిపిస్తుంది, కొన్నాళ్లకు తిరిగొస్తుంది. ఆ మధ్యలో బయాప్సీ చేస్తే ముక్కలో ఏమీ దొరకకపోవచ్చు. గ్లయోమా అయితే గడ్డ అలాగే ఉండి చుట్టూ ఉన్న వాపు తగ్గుతుంది. మనిషి తేరుకుంటుంది, నవ్వుతుంది, అన్నం తింటుంది. ఇంట్లో అందరూ ఎంఎస్సేనని ఊపిరి పీల్చుకుంటారు. ఆరు వారాలు అలా గడిచిపోతాయి. ముదురు గ్లయోమాలో ఆరు వారాలంటే చాలా ఎక్కువ. అందుకే స్టెరాయిడ్‌కి తగ్గిందంటే అది ఎంఎస్సేనన్న లెక్క ఇక్కడ చెల్లదు.

అలాగని స్టెరాయిడ్ దారి తప్పని కూడా అనను. స్కాన్ గుర్తులన్నీ ఎంఎస్ వైపే ఉండి, మనిషి నిలకడగా ఉండి, లింఫోమా అనుమానం లేదని ఇద్దరు డాక్టర్లూ ఒప్పుకుంటే, మందు ఇచ్చి నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ ఎంఆర్ఐ తీయడం సమంజసమే. ఆ దారి ఎంచుకుంటే రెండో స్కాన్ తేదీ ముందే రాయించుకోండి. లక్షణాలు తగ్గినా ఆ తేదీ మారకూడదు. గడ్డ స్పష్టంగా చిన్నదవకపోతే బయాప్సీకి వెళ్తామన్న మాట కూడా ఇప్పుడే అనుకోండి. ఈ రెండూ ముందుగా తేల్చుకోకుండా 'చూద్దాంలే' అని మొదలుపెడితే ఆ చూడటం నెలలు సాగుతుంది.

బయాప్సీ దారి తీసుకుంటే, స్టెరాయిడ్ ఇవ్వకముందే చేయడం మేలు. తలలో వాపు ప్రమాదకరంగా ఉంటే మాత్రం ఆ మందు ఆపడానికి వీల్లేదు, అది సర్జన్ నిర్ణయం. పుర్రెకు చిన్న రంధ్రం చేసి, స్కాన్ సాయంతో సూది పంపి, గింజంత ముక్కలు తీస్తారు. కొద్ది మందిలో రక్తస్రావం, ఫిట్స్, ఒకవైపు బలహీనత వచ్చే ప్రమాదం ఉంది. కుడివైపు ముందు భాగం కావడం వల్ల మాట పోయే భయం తక్కువ, కానీ ప్రమాదమే లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఇక్కడ మీరు తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది. ముక్కను పరీక్షించే పాథాలజిస్టుకి 'ఈమెకు ఎనిమిదేళ్లుగా ఎంఎస్ ఉంది, రిటుక్సిమాబ్ మీద ఉంది' అని రిక్వెస్ట్ ఫారం మీద రాసి వెళ్లాలి. ఎంఎస్ గడ్డలో ఉబ్బిపోయిన కణాలు మైక్రోస్కోపు కింద ట్యూమర్ కణాల్లాగే కనిపించగలవు. ఆపరేషన్ థియేటర్ నుంచి హడావుడిగా పంపి అరగంటలో తెప్పించుకునే ఫ్రోజెన్ రిపోర్టులో ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. జబ్బు చరిత్ర తెలిస్తే పాథాలజిస్టు మైలిన్‌కి, మైలిన్‌ని తినే మాక్రోఫేజ్ కణాలకి వేరే రంగులు వేసి చూస్తారు. మొదట గ్లయోమా అని పేరుపడి, తర్వాత ఎంఎస్ అని తేలిన కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

బంధువుగారు చెప్పిన 'మొత్తం తీయించేయండి' దారి ఈ దశలో వద్దు. అది ఎంఎస్ గడ్డ అయితే, మందుతో చాలావరకు తిరిగి కోలుకోగల మెదడు భాగాన్ని అనవసరంగా పోగొట్టుకున్నట్టు. గ్లయోమా అని తేలితే అప్పుడు వీలైనంత ఎక్కువ తీయడం చికిత్సలో భాగమే, ఆ ఆపరేషన్ ప్లాన్ వేరు. లింఫోమా అయితే ప్రధానంగా కీమోథెరపీయే, గడ్డ కోసి తీయడం కాదు. చూశారా, పేరు మారితే చికిత్స మొత్తం తలకిందులవుతుంది. రేడియేషన్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఎంఎస్ ఉన్న మెదడు మీద రేడియేషన్ పడితే జబ్బు రేగవచ్చని, దుష్ప్రభావాలు ఎక్కువ కావచ్చని చెప్పే అనుభవాలు నమోదయ్యాయి. నిజంగా గ్లయోమా అయితే ఆ భయంతో రేడియేషన్ మానేయకూడదు. గ్లయోమా అని ముక్క పరీక్షలో తేలకుండా మాత్రం మొదలుపెట్టకూడదు.

ఇంతకీ నా మొగ్గు ఎటు అని మీరు అడుగుతారు. రెండు నెలల పెరుగుదల, కొత్తగా ఫిట్స్, రిపోర్టులో హై గ్రేడ్ అన్న మాట, ఈ మూడూ కలిసి ఉన్నప్పుడు, పర్ఫ్యూజన్ స్కాన్ గట్టిగా ఎంఎస్ అని చెబితే తప్ప, బయాప్సీ వైపే నా మనసు పోతుంది. కానీ ఇది ఉత్తరం చదివి చెబుతున్న మాట. ఆ ఇద్దరు డాక్టర్లనూ, ఒక న్యూరోరేడియాలజిస్టునూ ఒకేచోట కూర్చోబెట్టి స్కాన్ చూడమని అడగండి. పెద్ద ఆసుపత్రుల్లో ట్యూమర్ బోర్డ్ అని వారానికోసారి ఇలాగే కూర్చుంటారు. అక్కడ కేసు పెట్టించమనడం మీ హక్కు. వేర్వేరు గదుల్లో వేర్వేరు మాటలు విని, మీ ఇంటి సోఫాలో కూర్చుని ఎవరిది ఒప్పో తేల్చే భారం మీది కాదు. బెంగళూరు నిమ్హాన్స్ లాంటి పెద్ద నరాల ఆసుపత్రిలో రెండో అభిప్రాయం తీసుకోవాలనుకుంటే రిపోర్టు కాగితాలు చాలవు, స్కాన్ సీడీ తీసుకెళ్లండి. పాత ఎంఆర్ఐలు కూడా పెట్టండి. పోయినేడాది స్కాన్‌లో అదే చోట చిన్న మచ్చ ఉందా, అసలేమీ లేదా అన్నది వాళ్లకి చాలా చెబుతుంది.

అమ్మగారితో ఈ మాట చెప్పండి: రిటుక్సిమాబ్ మెదడు ట్యూమర్ తెస్తుందని రుజువు లేదు. స్వీడన్‌లో ఈ మందు వాడిన ఎంఎస్ పేషెంట్లను పరిశీలించినప్పుడు, వాళ్లలో క్యాన్సర్లు మామూలు జనాభా కంటే ఎక్కువగా కనిపించలేదు. ఆ ఇంజెక్షన్లకు ఒప్పుకుని తప్పు చేశానని ఆవిడ కుమిలిపోతుంటే, ఆ నాలుగేళ్లూ కూతురు నడిచింది, ఉద్యోగం చేసింది, బిడ్డను పెంచుకుంది అని గుర్తుచేయండి. తర్వాతి డోసు ఎప్పుడన్నది మాత్రం గడ్డ సంగతి తేలాకే న్యూరాలజిస్టు నిర్ణయిస్తారు. దాని ప్రభావం ఆరు నెలలు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది కాబట్టి కొన్ని వారాలు ఆగినా కొంప మునగదు.

ఇప్పుడు మీకు నిద్ర లేకుండా చేస్తున్న ప్రశ్న. మీ చెల్లెలికి 34 ఏళ్లు. బయాప్సీకి సంతకం చేయాల్సింది తనే. ఏం జరుగుతోందో తెలియని మనిషి చేత సంతకం పెట్టించడం న్యాయం కాదు, ఏ మంచి సర్జనూ దానికి ఒప్పుకోడు. అంటే ఎలాగూ ఒక రోజు చెప్పాల్సిందే. ఆపరేషన్ ముందురోజు కంగారులో చెప్పడమా, ఇప్పుడు నిదానంగా చెప్పడమా అన్నదే మిగిలింది. తను మిమ్మల్ని నిజం అడిగిందంటే అప్పటికే సగం తెలిసిపోయింది. ఎనిమిదేళ్లుగా తన ఎంఆర్ఐలు తనే చదువుకున్న మనిషికి, ఈసారి ఫైలు ఎందుకు కనిపించడం లేదో అర్థం కాదా?

మీరు ఇప్పుడే ఫోన్ చేసి అంతా చెప్పేయొచ్చు. చెల్లి మిమ్మల్ని నమ్ముతుంది, కానీ మీ మరిది మిమ్మల్ని క్షమించడానికి చాలాకాలం పట్టొచ్చు. రాబోయే నెలల్లో మీ ఇద్దరూ కలిసి పనిచేయాలి. ఆసుపత్రిలో రాత్రిళ్లు వంతులు వేసుకోవాలి, పాపను చూసుకోవాలి. ముందు ఆయనతో మాట్లాడటం ఇంకో దారి. "తను నన్ను అడిగింది. ఇంకోసారి అడిగితే నేను అబద్ధం చెప్పలేను. మనిద్దరం కలిసి చెబుదాం" అనండి. ఆయన దుర్మార్గుడేమీ కాదు, భయపడుతున్నాడు. భార్య ధైర్యం చెదిరిపోతుందని భయం, తన ధైర్యం ముందే చెదిరిందని ఒప్పుకోవడానికి భయం. ఆయన ఒప్పుకోకపోతే, న్యూరాలజిస్టుని 'మా ఎదుట మీరే చెప్పండి' అని అడగొచ్చు. చాలా ఇళ్లలో ఇదే తేలిక అవుతుంది. డాక్టర్ నోటి నుంచి వచ్చిన మాట మీద ఇంట్లో ఎవరికీ కోపం ఉండదు. దీనిలో లోటు ఏమిటంటే, డాక్టర్ దగ్గర దొరికేది పది నిమిషాలు. ఆ తర్వాత కారులో, ఇంట్లో మిగతాది మీరే మాట్లాడాలి.

ఎలా చెప్పినా, తేలని దాన్ని తేలినట్టు చెప్పకండి. "తలలో గడ్డ కనిపించింది. ఎంఎస్ వల్ల కావచ్చు, ట్యూమర్ కావచ్చు. ఏదో తేల్చడానికి చిన్న ముక్క తీయాలంటున్నారు" అన్నది పూర్తి నిజం, ప్రస్తుతానికి అంతే నిజం. ఆ తర్వాత ఇంకా ఏం తెలుసుకోవాలనుకుంటోందో తననే అడగండి. కొందరు అన్నీ అడుగుతారు, కొందరు 'మీరు చూసుకోండి' అంటారు. తను రెండో మాట అంటే దాన్ని గౌరవించండి. మెదడు ముందు భాగంలో గడ్డ ఉంది కాబట్టి తను పెద్దగా స్పందించకపోవచ్చు, మర్నాడు మరిచిపోవచ్చు. పొడవుగా కాకుండా చిన్న మాటల్లో, పొద్దున తేటగా ఉన్నప్పుడు, అవసరమైతే మళ్లీ చెప్పండి.

ఈలోపు ఇంట్లో జాగ్రత్తలు. ఫిట్స్ మందు ఒక్క పూట కూడా తప్పకూడదు, సొంతంగా ఆపకూడదు. లెవెటిరాసెటామ్ ఇచ్చి ఉంటే కొందరికి చిరాకు, కోపం పెరుగుతాయి. అలా కనిపిస్తే డాక్టర్‌కి చెప్పండి, మార్చగలరు. స్కూటీ తాళాలు తీసి పెట్టండి. స్నానానికి వెళ్తే లోపల గడియ పెట్టొద్దనండి. స్టవ్ దగ్గర ఒంటరిగా వదలొద్దు. తలనొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, పొద్దున్నే వాంతులవుతున్నా, పిలిస్తే పలకనంత మగతగా ఉన్నా, ఒకవైపు చేయి కాలు పట్టు తప్పినా, ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఖర్చు గురించి మీరు రాయలేదు, కానీ ఆ టెన్షన్ లేకుండా ఉండదు. రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే, బయాప్సీ తేదీ ఖాయం చేసుకోకముందే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి ఏది వర్తిస్తుందో కనుక్కోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. తన ఉద్యోగానికి, సెలవులకు ఆ చట్టం కింద ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ ముందు ముందు పనికిరావచ్చు.

బయాప్సీ జరిగితే, డిశ్చార్జి అయ్యేటప్పుడు రిపోర్టుతో పాటు స్లైడ్లు, మైనంలో భద్రపరిచిన బ్లాకులు కూడా ఎలా తీసుకోవాలో అడగండి. అవి వేరేచోట చూపించుకోవడానికి పేషెంటుకి ఇస్తారు. ఫలితం ఎంఎస్ అని వచ్చినా, ట్యూమర్ అని వచ్చినా, నరాల జబ్బుల పాథాలజీలో అనుభవమున్న మరో సెంటర్‌లో వాటిని ఒకసారి చూపించాకే పెద్ద చికిత్స మొదలుపెట్టండి. ఫలితం వచ్చాక మళ్లీ రాయండి. అప్పుడు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉంటాయి.